సింక్ బటన్ నొక్కితే సరిపోదు: గుండె లయతో మిషన్‌ను కలపడం, మొదటి నుంచి చివరిదాకా

రాత్రి రెండున్నర అయి ఉంటుంది. పేషెంటుకి వీటీ, అంటే గుండె కింది గదులు అదుపు తప్పి పరిగెత్తడం. పల్స్ అందుతోంది గానీ బీపీ జారిపోతోంది. మొదటి షాక్ సింక్‌లోనే, అంటే గుండె లయలో సరైన క్షణానికి కలిపి ఇచ్చాం, రిథమ్ మారలేదు. ఎనర్జీ పెంచాం, ఛార్జ్ చేశాం, రెండోది ఇచ్చాం. మొదటి షాక్ వెళ్లగానే ఆ మిషన్ తనంతట తానే సింక్ తీసేసిందని, తెర మీద ఉండాల్సిన చిన్న చిన్న గుర్తులు మాయమయ్యాయని, గదిలో ఉన్న ఐదుగురిలో ఒక్కరమూ గమనించలేదు. షాక్ పడకూడని చోట పడింది. వీటీ కాస్తా వీఎఫ్ అయింది, అంటే కింది గదులు రక్తం తోయడం మాని ఊరికే వణకడం. వెంటనే మళ్లీ ఛార్జ్ చేసి షాక్ ఇచ్చి, సీపీఆర్ చేసి, మొత్తానికి మనిషిని వెనక్కి తెచ్చుకున్నాం. వారం తర్వాత ఆయన నడుచుకుంటూ ఇంటికెళ్లాడు. నాకు మాత్రం ఆ రోజు నుంచి ఒక అలవాటు పట్టుకుంది. ప్రతి షాక్‌కీ ముందు, ఎదురుగా పెద్ద ప్రొఫెసర్ గారున్నా సరే, "సింక్ ఉందా సార్?" అని పైకి అడుగుతాను. ఆ అలవాటు మీకు నాలాగా దెబ్బ తిని రాకూడదనే ఇదంతా రాస్తున్నాను.

ఇది ఐసీయూలో, క్యాథ్ ల్యాబ్‌లో, ఎమర్జెన్సీలో పనిచేసే నర్సులకి, టెక్నీషియన్లకి, కొత్తగా చేరిన డాక్టర్లకి. షాక్ ఇవ్వాలా వద్దా, ఎంత ఇవ్వాలి అన్నది డాక్టరు నిర్ణయం, మీ ఆసుపత్రి పద్ధతి, మీ మిషన్ మాన్యువల్. ఆ నిర్ణయం అయ్యాక చేతులు ఏం చేయాలి, కళ్లు ఎక్కడుండాలి అన్నదే నేను చెప్పేది.

అసలు టైమింగ్ ఎందుకు

మిషన్‌కి గుండె కనిపించదు. దానికి కనిపించేది ఒక ఈసీజీ గీత, ఆ గీత మీద ఎత్తుగా లేచిన ముక్క. దాన్నే ఆర్ వేవ్ అనుకుని దానికి తగ్గట్టు నడుచుకుంటుంది. నిజంగా అది ఆర్ వేవేనా, పొడుగ్గా లేచిన టీ వేవా, పేస్‌మేకర్ కరెంటు వల్ల వచ్చే సన్నటి నిలువు గీత, అదే స్పైకా, పేషెంటు వణుకు వల్ల వచ్చిన చెత్తా అనేది చూడాల్సింది మనం. షాక్ మిషన్ కావచ్చు, గుండెకి సాయంగా ధమనిలో పెట్టే బెలూన్ పంప్ కావచ్చు, ఏ మిషన్ దగ్గర తప్పు జరిగినా మూలం ఎక్కువసార్లు ఇక్కడే ఉంటుంది.

నిమిషానికి 75 సార్లు కొట్టుకునే గుండెకి ఒక్కో బీట్ 800 మిల్లీసెకన్లు. ఆర్ వేవ్ లేచినప్పుడు కింది గదుల కండరం అంతా ఒకేసారి కరెంటు అందుకుంటుంది. ఆ క్షణంలో బయటి నుంచి షాక్ తగిలినా పెద్దగా గొడవ ఉండదు. టీ వేవ్ దగ్గర అలా కాదు. కండరం మళ్లీ తేరుకునే సమయం అది, కొంత భాగం తేరుకుని ఉంటుంది, కొంత ఇంకా లేదు. సరిగ్గా టీ వేవ్ శిఖరానికి కాస్త ముందు షాక్ పడిందంటే, తేరుకున్న భాగం ఒకలా, తేరుకోని భాగం ఒకలా స్పందించి కరెంటు సుడి తిరుగుతుంది. అదే వీఎఫ్. బోస్టన్‌లో బెర్నార్డ్ లౌన్ అనే డాక్టరు, బారూక్ బెర్కోవిట్స్ అనే ఇంజనీరు కలిసి 1960ల మొదట్లో ఈ ప్రమాదపు కిటికీని తప్పించుకునే డీసీ షాక్ మిషన్ తయారుచేశారు. 1962 నుంచి అది వైద్యంలోకి వచ్చింది. అంతకుముందు వాడిన ఏసీ షాక్‌కి ఇలా ఒక క్షణాన్ని ఎంచుకుని ఇచ్చే వీలే లేదు. ఈ రోజు మీరు నొక్కే సింక్ బటన్ ఆ పనికి వారసత్వమే. ఆర్ వేవ్ శిఖరం దాటాక 60 మిల్లీసెకన్ల లోపే షాక్ వెళ్లిపోవాలన్నది ఈ మిషన్ల ప్రమాణం.

ముందు తేల్చుకోవాల్సింది: సింక్ కావాలా, వద్దా

పల్స్ పట్టుకోండి. ఇది అన్నిటికంటే ముందు. పల్స్ లేని వీటీ అయినా, వీఎఫ్ అయినా సింక్ వద్దు, నేరుగా షాక్. ఎందుకంటే వీఎఫ్‌లో ఆర్ వేవ్ అనేదే ఉండదు. సింక్ ఆన్‌లో ఉంటే మిషన్ ఆర్ వేవ్ కోసం ఎదురుచూస్తూ కూర్చుంటుంది, మీరు బటన్ నొక్కి పట్టుకుని నిలబడతారు, షాక్ వెళ్లదు, పేషెంటు వెళ్లిపోతాడు. మిషన్ పాడైందని అరిచినవాళ్లని చూశాను, అది పాడవలేదు, సింక్‌లో ఉంది అంతే.

రూపం మారుతూ మెలికలు తిరిగే పాలీమార్ఫిక్ వీటీ కూడా అంతే. దానిలో మిషన్ ఏ ముక్కని ఆర్ వేవ్ అనుకుంటుందో దేవుడికే తెలియాలి. కాబట్టి సింక్ లేకుండానే ఇస్తారు.

పల్స్ ఉండి, బీపీ పడిపోతూనో, స్పృహ మందగిస్తూనో, ఛాతీ నొప్పితోనో, ఊపిరితిత్తుల్లో నీరు చేరుతూనో ఉన్న ఏఎఫ్, ఫ్లట్టర్ (రెండూ పై గదుల లయ తప్పడం), ఎస్‌వీటీ (కింది గదులకి పైనుంచి మొదలయ్యే పరుగు), ఒకే రూపంలో ఉన్న వీటీ, ఇవీ సింక్ షాక్‌కి చెందినవి. ఒక జాగ్రత్త. జ్వరంతోనో, రక్తం పోయో, నీరసించో గుండె 140 కొట్టుకుంటుంటే అది సైనస్ టాకికార్డియా, అంటే మామూలు లయే వేగంగా నడవడం కావచ్చు. దానికి షాక్ ఇచ్చి లాభం లేదు, కారణాన్ని వైద్యం చేయాలి. తొందరలో ఈ రెండింటినీ కలిపేసుకోవడం వింతేమీ కాదు, పన్నెండు లీడ్ల ఈసీజీ ఒకటి తీసి పెట్టుకోండి, మనిషి మరీ కూలిపోతుంటే తప్ప దానికి సమయం ఉంటుంది.

తొందర లేకుండా ముందే తేదీ పెట్టుకుని చేసే ఏఎఫ్ కేసుల్లో ఇంకో ప్రశ్న అడగాలి, ఇది ఎప్పటి నుంచి ఉంది? 48 గంటలు దాటినా, ఎప్పటి నుంచో తెలియకపోయినా, ఎడమ పై గదిలో రక్తపు గడ్డ ఉండి ఉండొచ్చు. లయ సరికాగానే ఆ గడ్డ కదిలి మెదడుకెళ్తే పక్షవాతం. అందుకే ముందు కనీసం మూడు వారాలు రక్తం పల్చబడే మందు సరిగ్గా వేసుకుని ఉండాలి, లేదా గొంతులోంచి చేసే ఎకో, అదే టీఈఈ, చేసి గడ్డ లేదని చూసుకోవాలి. తర్వాత కూడా కనీసం నాలుగు వారాలు మందు ఆపకూడదు. "మందు వేసుకుంటున్నారా?" అని అడిగితే అందరూ "ఆ, వేసుకుంటున్నాను" అనే అంటారు. "మధ్యలో ఏ రోజైనా మానేశారా, ఊరెళ్లినప్పుడు, పెళ్లిళ్లప్పుడు?" అని అడగండి, అప్పుడు నిజం బయటకొస్తుంది. పొటాషియం ఎంతుందో చూడండి. డిజాక్సిన్ అనే గుండె మందు వాడుతున్నారా, దాని విషప్రభావం లక్షణాలేమైనా ఉన్నాయా అడగండి, అలాంటి గుండెకి షాక్ ప్రమాదం.

పేషెంటుని సిద్ధం చేయడం

పేషెంటు తాలూకు వాళ్లతో మాట్లాడటం కూడా ఈ పనిలో భాగమే, దాన్ని సంతకం పెట్టించుకోవడంతో సరిపెట్టకండి. షాక్ అనగానే వాళ్ల కళ్ల ముందు సినిమా కనిపిస్తుంది. ఒకావిడ నన్ను పక్కకి పిలిచి, "తమ్ముడూ, మా ఆయనకి కరెంటు పెడతారంటగా, చచ్చిపోరు కదా?" అని అడిగింది. "లేదక్కా, ఆయనకి మత్తిస్తారు, తెలియదు. గుండె దారి తప్పి పరిగెడుతోంది, ఒక్కసారి ఆపి మళ్లీ దారిలో పెట్టడానికి. ఒకసారికి కాకపోతే రెండు మూడు సార్లు ఇవ్వాల్సి రావచ్చు, ఛాతీ మీద చర్మం కాస్త ఎర్రబడొచ్చు," అన్నాను. ఆవిడ టెన్షన్ సగం తగ్గింది. రెండు మూడు సార్లు అన్న మాట ముందే చెప్పకపోతే, రెండో షాక్ శబ్దానికి బయట ఏడుపులు మొదలవుతాయి.

ముందే అనుకున్న కేసైతే ఆరు గంటలు కడుపు ఖాళీగా ఉండాలి. కట్టుడు పళ్లు తీయించండి. ఐవీ లైన్ పనిచేస్తోందో లేదో సెలైన్ తోసి చూడండి. సక్షన్ ఆన్ చేసి శబ్దం వినండి, గోడకి ఉందిగా అనుకోకండి. అంబూ బ్యాగ్, ఊపిరి గొట్టం వేసే సామాను, అట్రోపిన్, అడ్రినలిన్ చేతికందేలా ఉండాలి. లయ సరయ్యాక గుండె మరీ నెమ్మదిస్తే బయటి నుంచి పేసింగ్, అంటే చిన్న కరెంటుతో గుండెని కొట్టించడం కావాల్సి రావచ్చు, ప్యాడ్లతో పేసింగ్ చేసే మిషన్ అయితే ఇంకా మంచిది. మత్తు ఇచ్చేది, ఊపిరి చూసుకునేది ఒకరి పనే కావాలి, వాళ్లకి ఇంకో పని చెప్పకండి. స్పృహలో ఉన్న మనిషికి మత్తు సరిగా పట్టకుండా షాక్ ఇస్తే ఆ బాధ ఆయన జీవితాంతం మర్చిపోడు.

ఇక ఛాతీ. జండూబామో, నూనో రాసి ఉంటే పొడి గుడ్డతో గట్టిగా తుడవండి. చెమట కూడా అంతే. వెంట్రుకలు ఎక్కువుంటే ప్యాడ్ పెట్టే చోట మాత్రం కత్తిరించండి. నైట్రోగ్లిజరిన్ పట్టీ అంటించి ఉంటే తీసేసి తుడవండి. మన దగ్గర ఆడవాళ్లకి మంగళసూత్రం ఉంటుంది, గొలుసు బంగారమైనా నల్లపూసలైనా లోహం ప్యాడ్‌కి తగిలితే అక్కడ కాలుతుంది. "తీసేయండి" అంటే సగం మంది ఒప్పుకోరు, ఏడుస్తారు. పూర్తిగా తీయడానికి ఇష్టపడకపోతే మెడ వెనక్కి తిప్పి, భుజం పక్కగా జరిపి, టేపుతో అంటించి పెట్టండి, ప్యాడ్‌కి దూరంగా. నేనెప్పుడూ ఇలాగే చేస్తాను, గొడవే రాలేదు.

ప్యాడ్లు రెండు పద్ధతుల్లో పెట్టొచ్చు. కుడి కాలర్ ఎముక కింద ఒకటి, ఎడమ చంక కింద పక్కగా ఇంకొకటి. లేదా ముందొకటి, వీపు మీద ఎడమ భుజపు ఎముక కింద ఇంకొకటి. ఒక పద్ధతిలో రాకపోతే ఇంకోదానికి మార్చండి. రొమ్ము మీద ప్యాడ్ పెట్టకండి, రొమ్ము ఎత్తి దాని కింద పెట్టాలి. పేస్‌మేకర్ ఉంటే దాని ఉబ్బు నుంచి కనీసం 8 సెంటీమీటర్లు దూరం, ముందూ వెనకా పద్ధతి దానికి నయం, పని అయ్యాక పేస్‌మేకర్‌ని చెక్ చేయించాలి. ప్యాడ్ కింద గాలి బుడగ మిగలకుండా మధ్య నుంచి అంచులకి నొక్కుతూ అతికించండి, బుడగ మిగిలితే అక్కడ కాలుతుంది.

ఇప్పుడు సింక్

ఇక్కడ నెమ్మదించండి, తొందరలో తప్పులన్నీ జరిగేది ఇక్కడే.

మొదట, షాక్ మిషన్ సొంత ఈసీజీ వైర్లు పేషెంటుకి తగిలించండి. మన వార్డుల్లో తరచూ జరిగేదేమిటంటే, వైర్లన్నీ మంచం పక్క మానిటర్‌కి ఉంటాయి, షాక్ మిషన్‌కి ప్యాడ్లు మాత్రమే. అందరూ మానిటర్ చూస్తూ ఉంటారు. షాక్ మిషన్ మానిటర్‌ని చూడదు కదా! చాలా మిషన్లు ప్యాడ్ల ద్వారా కూడా సింక్ అవుతాయి, కానీ షాక్ తర్వాత ప్యాడ్ల గీత కొన్ని సెకన్లు చెదిరిపోతుంది. విడిగా వైర్లుంటే గీత తొందరగా తిరిగొస్తుంది. చేత్తో పట్టుకునే పాత ప్యాడిల్స్‌తో గీత చూసి సింక్ చేయడం మాత్రం నాకిష్టం లేదు, చెయ్యి కాస్త కదిలితే ఆ కదలికే ఆర్ వేవ్‌లా కనిపిస్తుంది. మూడు వైర్లు తగిలించడానికి ఇరవై సెకన్లు కూడా పట్టదు.

రెండోది, లీడ్ ఎంచుకోవడం. అలవాటుగా రెండో లీడ్‌లోనే వదిలేయకండి. ఒకటి, రెండు, మూడు మార్చి చూడండి. ఏ లీడ్‌లో ఆర్ వేవ్ ఎత్తుగా, టీ వేవ్ పొట్టిగా ఉందో దాన్ని పెట్టుకోండి. పొటాషియం పెరిగిన పేషెంటులో టీ వేవ్ గుడారంలా లేస్తుంది, అక్కడ ఈ పని మరీ ముఖ్యం. ఆర్ వేవ్ చిన్నగా ఉంటే సైజు, అంటే గెయిన్, పెంచండి. పెంచాక టీ వేవ్ కూడా పెరిగి గుర్తు దాని మీద పడుతోందేమో మళ్లీ చూడండి.

మూడోది, సింక్ నొక్కండి. తెర మీద సింక్ అన్న అక్షరాలు వస్తాయి, కానీ వాటిని చూసి ఆగిపోకండి. ఒక్కో ఆర్ వేవ్ మీద ఒక గుర్తు కనిపించాలి, మిషన్‌ని బట్టి బాణమో, త్రిభుజమో, చుక్కో, నిలువు గీతో ఉంటుంది. కనీసం పది బీట్లు చూడండి. ప్రతి ఆర్ వేవ్‌కీ ఒకటి, ఒక్కటే. టీ వేవ్ మీద గుర్తు పడుతోందా? ఒక బీట్‌కి రెండు పడుతున్నాయా? ఒక్కోసారి తప్పిపోతోందా? వీటిలో ఏదున్నా షాక్ వద్దు, లీడ్ మార్చండి, ఎలక్ట్రోడ్లు మార్చండి, గెయిన్ మార్చండి. పేస్‌మేకర్ ఉన్నవాళ్లలో గుర్తు స్పైక్ మీద పడుతోందేమో కూడా చూడండి.

నాలుగు, ఎనర్జీ. ఇప్పుడున్న బైఫేసిక్ (కరెంటుని రెండు దిశల్లో పంపే) మిషన్లలో పెద్దవాళ్లకి ఫ్లట్టర్, ఎస్‌వీటీ అయితే 50 నుంచి 100 జౌల్స్, ఏఎఫ్ అయితే 120 నుంచి 200, పల్స్ ఉన్న వీటీ అయితే 100తో మొదలుపెట్టడం చాలాకాలంగా వాడుకలో ఉంది. ఏఎఫ్‌కి నేరుగా 200తో మొదలుపెట్టేవాళ్లే ఇప్పుడు ఎక్కువ, ఫ్లట్టర్‌కి కూడా కొందరు అంతే. తక్కువతో మొదలుపెట్టి మూడు నాలుగు ఇచ్చే కంటే ఎక్కువతో ఒక్కటి ఇవ్వడం పేషెంటుకి మేలు. మిషన్ తయారుచేసినవాళ్లు ఏం చెప్పారో దాని పక్కనే ఒక కాగితం మీద రాసి అంటించి పెట్టండి. పిల్లలకి బరువు లెక్క, కిలోకి అర జౌల్ నుంచి ఒక జౌల్, పని కాకపోతే రెండు. అంటే 12 కిలోల పాపకి మొదట 6 నుంచి 12, తర్వాత 24. కంగారులో ఈ లెక్క నోటికి రాదు, బరువు తెలియగానే ముందే వేసి రాసుకోండి.

ఛార్జ్ చేయండి. ఛార్జ్ అవుతుండగా గుర్తుల్ని మళ్లీ ఒకసారి చూడండి. ఆక్సిజన్ మాస్క్ తీసి కనీసం ఒక మీటరు దూరం పెట్టండి, మంచం మీద దిండు పక్కన పెట్టి వదిలేయడం కాదు. నిప్పంటుకోవడానికి ఒక్క రవ్వ చాలు. వెంటిలేటర్ మీద ఉంటే గొట్టం తగిలించే ఉంచొచ్చు. మంచం ఎవరూ ముట్టుకోకూడదు, బీపీ చూస్తున్న సిస్టర్‌తో సహా. "అందరూ పక్కకి, నేను పక్కకి" అని పైకి అని, తల నుంచి కాళ్ల దాకా ఒకసారి చూడండి.

ఐదు, షాక్ బటన్ నొక్కి పట్టుకోండి. టక్కున నొక్కి వదిలేస్తే వెళ్లదు. మిషన్ తర్వాతి ఆర్ వేవ్ కోసం ఆగుతుంది, ఒక్క క్షణమే, కానీ ఆ క్షణం చాలా పొడుగ్గా అనిపిస్తుంది. కొత్తవాళ్లు అక్కడే చెయ్యి తీసేస్తారు. షాక్ వెళ్లేదాకా వేలు తీయకండి.

షాక్ తర్వాత

ముందు మానిటర్ కాదు, మనిషి. పల్స్ చూడండి, ఊపిరి చూడండి, తర్వాత గీత.

లయ మారకపోతే ఎనర్జీ పెంచి మళ్లీ ఇస్తారు. మళ్లీ ఇచ్చే ముందు సింక్ మళ్లీ నొక్కాలి! కొన్ని మిషన్లు ప్రతి షాక్ తర్వాత సింక్‌ని వాటంతట అవే ఆపేస్తాయి. వీఎఫ్ వస్తే వెంటనే ఆగకుండా షాక్ ఇవ్వగలగాలని అలా తయారుచేశారు, ఆలోచన మంచిదే. కొన్ని మిషన్లు సింక్‌లోనే ఉండిపోతాయి. ఒకే ఆసుపత్రిలో రెండు కంపెనీల మిషన్లుంటే ఒకటి ఇలా, ఇంకొకటి అలా ఉండొచ్చు, అది ఇంకా ప్రమాదం. మీ వార్డులో ఉన్నది ఏ రకమో ఈ రోజే కనుక్కోండి.

వీఎఫ్ వస్తే కంగారు పడకండి, వరుస ఇదీ. సింక్ ఆఫ్. ఎనర్జీ పూర్తిగా. ఛార్జ్. షాక్. సీపీఆర్. సింక్ ఆఫ్ చేయడం మర్చిపోతే పైన చెప్పిన కథే, మిషన్ ఆగిపోయి చూస్తూ ఉంటుంది.

అంతా బాగుంటే పన్నెండు లీడ్ల ఈసీజీ తీయండి, మత్తు పూర్తిగా దిగేదాకా పక్కనే ఉండండి, ఛాతీ మీద ఎర్రబడ్డ చోట చూడండి. ఇంటికి పంపేటప్పుడు రక్తం పల్చబడే మందు గురించి ఇంకోసారి గట్టిగా చెప్పండి. లయ సరైంది, గుండె బాగైంది అనుకుని మొదట మానేసేది ఆ మందే.

బెలూన్ పంప్: ఇక్కడ టైమింగ్ ఒక్క క్షణం కాదు, ప్రతి బీట్

బెలూన్ పంప్, అదే ఐఏబీపీ, దానిది ఇంకో రకం పని. తొడలోని ధమని గుండా ఒక సన్నటి బెలూన్‌ని పైకి పంపుతారు, దాని కొస ఎడమ చేతికి రక్తం వెళ్లే ధమని మొదలయ్యే చోటికి రెండు సెంటీమీటర్లు కింద ఉండాలి. పెద్దవాళ్లకి సాధారణంగా 40 సీసీ దాకా హీలియం దానిలోకి వెళ్లి వస్తుంది. గుండె సడలి ఉన్నప్పుడు, డయాస్టోల్‌లో ఉబ్బి, గుండె ధమనుల్లోకి రక్తాన్ని తోస్తుంది. గుండె కొట్టబోయే ముందు ఒక్కసారిగా ముడుచుకుంటుంది, దాంతో గుండెకి ఎదురొచ్చే ఒత్తిడి తగ్గుతుంది. బ్రూక్లిన్‌లో ఆడ్రియన్ కాంట్రోవిట్జ్ 1967లో దీన్ని మొదట మనిషిలో వాడాడు. 2012లో జర్మనీలో 600 మందితో చేసిన పరీక్షలో, గుండెపోటు వచ్చి గుండె రక్తం సరిగా తోయలేక బీపీ కూలిపోయినవాళ్లకి దీనివల్ల నెల రోజుల్లో ప్రాణాలు ఎక్కువగా నిలవలేదని తేలింది, అప్పటి నుంచి వాడకం తగ్గింది. కానీ ఇంకా ఉంది, కాబట్టి నేర్చుకోక తప్పదు.

ఇప్పటి పంపులు ఆటోలో పెడితే టైమింగ్ అవే చూసుకుంటాయి. అయినా మీ కంటికి తెలియాలి.

పంప్‌ని 1:2లో పెట్టండి, అంటే రెండు బీట్లకి ఒక్కసారి ఉబ్బేలా. అప్పుడు సాయం అందిన బీట్, అందని బీట్ పక్కపక్కన కనిపిస్తాయి. ఆర్ట్ లైన్ (ధమనిలో పెట్టి బీపీ చూసే గొట్టం) గీత మీద, ధమని కవాటం, అంటే గుండె నుంచి రక్తం బయటికెళ్లే తలుపు, మూసుకున్న చోట చిన్న నొక్కు ఉంటుంది, డైక్రోటిక్ నాచ్. బెలూన్ ఆ నొక్కు దగ్గరే ఉబ్బాలి, అక్కడ పదునైన వీ ఆకారం రావాలి. ఒత్తిడి తరంగం చేతి దాకా రావడానికి కొంత సమయం పడుతుంది కదా, అందుకే రేడియల్ గీత మీద చూస్తుంటే నొక్కు కంటే కాస్త ముందే ఉబ్బినట్టు కనిపించాలి. తొడ దగ్గరి గీత అయితే ఇంకా ముందు.

అంకెలతో చూడండి. సాయం లేని బీట్ పైన 100, కింద 60 అనుకుందాం. బెలూన్ ఉబ్బినప్పుడు వచ్చే కొండ 100 దాటాలి, 115, 120. తర్వాత బెలూన్ ముడుచుకున్నప్పుడు గీత 60 కంటే కిందికి, 50 దగ్గరికి దిగాలి. దాని వెనకాల వచ్చే బీట్ 100 కంటే తక్కువ, 92, 95 దగ్గర ఉండాలి. ఈ మూడూ ఉంటే టైమింగ్ బాగున్నట్టే.

నాలుగు తప్పులున్నాయి, నాలుగూ ఒకే అంత ప్రమాదం కాదు. ఆలస్యంగా ఉబ్బితే కొండ పొట్టిగా ఉంటుంది, సాయం తగ్గుతుంది, హాని లేదు. ముందే ముడుచుకుంటే కొండ తర్వాత గీత గబుక్కున పడి ఒక చదునులా సాగుతుంది, తర్వాతి బీట్ ఒత్తిడి ఏమీ తగ్గదు, లాభం లేదు. ముందే ఉబ్బితే గుండె ఇంకా రక్తం తోస్తుండగానే కవాటం మూసుకుంటుంది, అది చెడ్డది. ఆలస్యంగా ముడుచుకోవడం అన్నిటికంటే చెడ్డది, ఎందుకంటే అప్పటికే అలసిన గుండె ఉబ్బి ఉన్న బెలూన్‌కి ఎదురు తోయాల్సి వస్తుంది. గీతలో ఇది పట్టుకోవడం తేలిక, సాయం అందాక గీత దిగే అడుగు మట్టం, సాయం లేని బీట్ అడుగు మట్టంతో సమానంగానో ఎక్కువగానో ఉంటుంది, తర్వాతి బీట్ ఈడ్చుకుంటూ ఎక్కుతుంది. అందుకే చేత్తో సర్దేటప్పుడు మొదట ఆలస్యంగా ఉబ్బేలా, ముందే ముడుచుకునేలా పెట్టుకుని, అక్కడి నుంచి మెల్లగా లోపలికి జరుపుతారు. హాని లేని వైపు నుంచి వెళ్లడం అన్నమాట. అయిపోయాక 1:1కి తిప్పడం మర్చిపోకండి.

ట్రిగ్గర్ మామూలుగా ఈసీజీ. ఆపరేషన్ థియేటర్‌లో కాటరీ (కరెంటుతో రక్తం ఆపే పరికరం) వాడితే ఈసీజీ చెదిరిపోతుంది, ప్రెషర్‌కి మార్చండి. సీపీఆర్ జరుగుతుంటే కూడా ప్రెషరే. ఏఎఫ్ ఉంటే దానికంటూ ఉన్న మోడ్, అంటే ఆర్ వేవ్ రాగానే ముడుచుకునేది. ఇంటర్నల్ అనే ట్రిగ్గర్ గుండె అసలు రక్తం తోయనప్పుడు మాత్రమే, కొట్టుకుంటున్న గుండె మీద పెడితే బెలూన్ దాని ఇష్టం వచ్చినట్టు ఉబ్బి గుండెతో ఢీకొంటుంది. బెలూన్ లోపల కదలకుండా ఉంటే దాని మీద గడ్డ కడుతుంది, అరగంట దాకా ఆగనివ్వకండి. హీలియం గొట్టంలో గోధుమరంగు పొడిలాంటిది కనిపిస్తే అది ఎండిన రక్తం, బెలూన్ చిల్లి పడింది. పంప్ ఆపి డాక్టర్ని పిలవండి, ఆ క్షణమే. ఎడమ చేతి నాడి, మూత్రం, కాలి వేడి ప్రతి గంటా చూడండి, బెలూన్ పైకి జరిగితే చేతి నాడి, కిందికి జరిగితే మూత్రం తగ్గుతాయి.

ఇంకో రెండు మిషన్లు, క్లుప్తంగా

మన ఊళ్లలో "ఆపరేషన్ లేకుండా బ్లాకులు" అని బోర్డులు పెట్టే ఈఈసీపీ కూడా ఇదే సూత్రం, బయటి నుంచి. పిక్కలు, తొడలు, పిరుదులకి కట్టిన పట్టీలు డయాస్టోల్‌లో కింది నుంచి పైకి వరసగా ఉబ్బుతాయి, గుండె కొట్టబోయే ముందు అన్నీ ఒకేసారి గాలి వదిలేస్తాయి. రోజుకి గంట చొప్పున 35 గంటలు. మందులకి లొంగని ఛాతీ నొప్పికి కొందరిలో ఉపశమనం ఇస్తుంది, బ్లాకుల్ని కరిగించదు, ఆ బోర్డులు నమ్మకండి. ధమని కవాటం గట్టిగా లీక్ అయ్యేవాళ్లకి, కాళ్లలో గడ్డ ఉన్నవాళ్లకి, అదుపు లేని ఏఎఫ్ ఉన్నవాళ్లకి పెట్టకూడదు. కవాటం లీక్ అయ్యేవాళ్లకి బెలూన్ పంప్ కూడా కుదరదు, ఉబ్బిన ప్రతిసారీ రక్తం వెనక్కి గుండెలోకే వెళ్తుంది.

కిడ్నీ రాళ్లు పగలగొట్టే మిషన్‌ని 1980లో మ్యూనిక్‌లో మొదట వాడినప్పుడు, ప్రతి తరంగాన్నీ ఆర్ వేవ్‌కి కట్టి వదిలేవాళ్లు. ఇప్పుడు చాలాచోట్ల నిమిషానికి 60 నుంచి 90 చొప్పున సింక్ లేకుండానే ఇస్తారు. మధ్యలో అదనపు బీట్లు మొదలైతే ఈసీజీకి కట్టి ఇస్తే సర్దుకుంటాయి. కాబట్టి ఆ గదిలో కూడా ఈసీజీ వైర్లు ఉండాలి, ఊరికే తగిలించి వదిలేయకుండా ఎవరో ఒకరు చూస్తూ ఉండాలి.

డ్యూటీ మొదట్లో చేసుకోవాల్సిన పని

షిఫ్ట్‌లోకి రాగానే షాక్ మిషన్ దగ్గర రెండు నిమిషాలు గడపండి. బ్యాటరీ, పేపరు, ప్యాడ్ల గడువు తేదీ, ఈసీజీ వైరు క్లిప్పులు మూడూ ఉన్నాయా. క్లిప్పులు ఎప్పుడూ ఒకటి మాయమవుతుంది, ఎక్కడికెళ్తుందో ఎవరికీ తెలియదు. బయోమెడికల్ వాళ్ల దగ్గర సిమ్యులేటర్ ఉంటే, దాన్ని తగిలించి సింక్ ఆన్ చేసి, గుర్తు ఆర్ వేవ్ మీద పడుతోందా, ఒక టెస్ట్ షాక్ తర్వాత సింక్ ఉంటోందా పోతోందా, చేతులారా చేసి చూడండి. చూశాక ఒక తెల్లటి టేపు మీద "షాక్ తర్వాత సింక్ పోతుంది" అనో "పోదు" అనో రాసి షాక్ బటన్ పక్కనే అంటించండి. మా దగ్గర ఇప్పుడున్న మిషన్ మీద ఆ టేపు ఉంది, అక్షరాలు చెరిగిపోతే తిరగరాస్తాం. షాక్ ఇచ్చిన ప్రతిసారీ పేపర్ స్ట్రిప్ తీసి, సింక్ గుర్తులు కనిపించే ముక్కని కత్తిరించి కేస్ షీట్‌లో అతికిస్తాం, పక్కన సమయం, ఎన్ని జౌల్స్, ఎవరు నొక్కారు అని రాస్తాం.